సెక్యూరిటీని ఫాల్స్ చేయమని నేర్పినవారే ఈ డేటా లీకులకు బాధ్యులు

నమస్కారం. డేటాను దాచి, వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ ఎలాస్టిక్‌సెర్చ్. పాస్‌వర్డ్ లేని ఎలాస్టిక్‌సెర్చ్ సర్వర్ ఇంటర్నెట్‌లో దొరికిన ప్రతిసారీ, తప్పు ఆ సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీదా లేక దాన్ని నడిపిన ఇంజనీరుదా అనే వాదన మొదలవుతుంది. నేను చెప్పబోయేది ఆ రెండు పక్షాలకూ నచ్చదు. ఈ రోజున ఈ అనర్థానికి ప్రధాన బాధ్యులు పాఠాలు చెప్పేవారే. ‘ఎక్స్‌ప్యాక్ డాట్ సెక్యూరిటీ డాట్ ఎనేబుల్డ్ ఈక్వల్స్ ఫాల్స్’ అనే, పాస్‌వర్డ్ రక్షణను ఆపేసే ఆప్షన్‌ను మొదటి పాఠంలోనే కమాండ్ లైన్‌లో టైప్ చేయించే ప్రతి ట్యుటోరియల్‌కూ, ప్రతి వీడియోకూ ఇందులో భాగముందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పాత చరిత్రను క్లుప్తంగా చెబుతాను. 2015 అక్టోబరులో 2.0 వెర్షన్ వచ్చేదాకా ఈ సర్వర్ మెషిన్‌కున్న అన్ని నెట్‌వర్క్ చిరునామాలకూ తనంతట తానే బైండ్ అయ్యేది, అంటే బయటి మెషిన్లు కూడా దాన్ని చేరగలిగేవి. పాస్‌వర్డ్ రక్షణ 2019 మే నెలలో 6.8, 7.1 వెర్షన్లతో గానీ ఉచితం కాలేదు, ఆ తర్వాత కూడా దాన్ని మనమే ఆన్ చేసుకోవలసి వచ్చేది. 2017 జనవరిలో డేటాను చెరిపి బిట్‌కాయిన్ అడిగిన దోపిడీలు, 2020 జులైలో ఇండెక్సులను (డేటా ఉండే పట్టికల వంటివి) తుడిచేసి ‘మియావ్’ అన్న ముద్ర వదిలి వెళ్లిన దాడులు ఆ కాలానివి. వాటి విషయంలో కంపెనీని నిలదీయడం న్యాయమే. అయితే 2022 ఫిబ్రవరిలో 8.0 వచ్చిన తర్వాత ఆ వాదనకు బలం లేదు.

ఎందుకో చూడండి. 8.0 నుంచి సర్వర్‌ను మొదటిసారి ప్రారంభించగానే అది గుప్త కనెక్షన్‌కు (హెచ్‌టీటీపీఎస్) కావలసిన సర్టిఫికెట్లను తయారు చేసుకుంటుంది, ‘ఎలాస్టిక్’ అనే యూజర్‌కు పాస్‌వర్డ్ సృష్టించి టెర్మినల్‌లో చూపిస్తుంది. విద్యార్థి అలవాటు ప్రకారం బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీతో 9200 పోర్టును (సర్వర్ జవాబిచ్చే ద్వారాన్ని) తెరుస్తాడు, జవాబు రాదు. సర్వర్ లాగ్‌లో మాత్రం, హెచ్‌టీటీపీఎస్ చానెల్‌లోకి సాదా హెచ్‌టీటీపీ వచ్చింది కాబట్టి కనెక్షన్ మూసేస్తున్నాను అని స్పష్టంగా రాసి ఉంటుంది. చిరునామాలో ఒక ‘ఎస్’ చేర్చి, సర్వర్ ఇచ్చిన సర్టిఫికెట్ ఫైలును క్లయింటుకు (సర్వర్‌ను అడిగే ప్రోగ్రాముకు) చూపించి, ఆ పాస్‌వర్డ్ ఇస్తే పని అయిపోతుంది. పాస్‌వర్డ్ మరచిపోతే ‘ఎలాస్టిక్‌సెర్చ్ రీసెట్ పాస్‌వర్డ్’ అనే పనిముట్టు సర్వర్‌తో పాటు వచ్చే బిన్ ఫోల్డర్‌లోనే ఉంది. ఇంత చిన్న సంగతి వివరించే ఓపిక లేక సెక్యూరిటీని ఫాల్స్ చేయమని చెప్పడం బోధన ఎలా అవుతుంది?

ఈ ఆప్షన్ ఒంటరిగా రాకపోవడం నన్ను మరింత కలవరపరుస్తుంది. చాలా పాఠాలలో కనిపించే డాకర్ (సాఫ్ట్‌వేర్‌ను విడి పెట్టెలో నడిపే పనిముట్టు) కమాండ్‌లో మూడు ఆప్షన్లు కలిసే ఉంటాయి. మొదటిది పోర్టును 9200 కోలన్ 9200 అని ప్రచురించడం; ముందు 127.0.0.1 (ఈ మెషిన్ మాత్రమే చేరగల చిరునామా) అని రాయకపోతే డాకర్ దాన్ని మెషిన్ చిరునామాలన్నిటి మీదా తెరుస్తుంది, పైగా లినక్సులో తన ఐపీటేబుల్స్ (ఫైర్‌వాల్) నియమాలను తానే రాసుకుంటుంది కనుక మీరు యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ పనిముట్టులో ఆ పోర్టును మూశామనుకున్నా అది మూసుకోదు. రెండవది ‘డిస్కవరీ డాట్ టైప్’ను సింగిల్ నోడ్ అని పెట్టడం; నెట్‌వర్క్‌కు తెరుచుకున్న నోడ్ (నడుస్తున్న ఒక సర్వర్) మొదలయ్యేటప్పుడు, సెట్టింగులు సరిగా ఉన్నాయా అని తప్పనిసరిగా జరిగే బూట్‌స్ట్రాప్ పరీక్షలు దీనితో తప్పనిసరి కాకుండా పోతాయి. మూడవది మన ఫాల్స్. మొదటి రెండింటికీ వేర్వేరుగా సబబైన కారణాలున్నాయి, కానీ మూడూ ఒకే వరుసలో చేరిన నాడు మీ డేటాకూ ప్రపంచానికీ మధ్య ఏ అడ్డూ మిగలదు.

ఇక్కడ నా సొంత సిద్ధాంతం ఒకటి చెబుతాను. భద్రతకు సంబంధించిన ఏ సెట్టింగూ కమాండ్ లైన్‌లో ఉండకూడదు. సర్వర్‌ను ప్రారంభించే కమాండ్‌లో ‘హైఫన్ క్యాపిటల్ ఈ’ ద్వారా ఇచ్చిన విలువ, ‘ఎలాస్టిక్‌సెర్చ్ డాట్ వైఎంఎల్’ అనే సెట్టింగుల ఫైలులో ఉన్న విలువను తోసిపుచ్చుతుంది. ఫైలు గిట్‌లో (మార్పుల చరిత్రను దాచే పనిముట్టులో) ఉంటుంది, మార్పు జరిగితే తోటివారు చూస్తారు, ప్రశ్నిస్తారు. ఎవరో టెర్మినల్‌లో కొట్టిన ఆప్షన్‌ను చూసేవారుండరు. ఫైలులో సెక్యూరిటీ ట్రూ అని రాసి ఉండగా సర్వర్ ఫాల్స్‌తో నడుస్తూ ఉండవచ్చు, ఫైలును తనిఖీ చేసిన మేనేజరు అంతా సవ్యంగానే ఉందని సంతకం చేయవచ్చు. అందుకే ఫైలును మాత్రమే నమ్మకండి. ‘అండర్‌స్కోర్ నోడ్స్ స్లాష్ సెట్టింగ్స్’ అని సర్వర్‌నే అడగండి, తాను నిజంగా ఏ విలువలతో నడుస్తున్నదో అది చెబుతుంది.

పాస్‌వర్డ్‌ల సంగతి కూడా ప్రస్తావించకుండా ఉండలేను. ‘ఎలాస్టిక్ అండర్‌స్కోర్ పాస్‌వర్డ్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (ప్రోగ్రాముకు బయటి నుంచి అందించే విలువలో) పాస్‌వర్డ్‌ను నేరుగా డాకర్ కమాండ్‌లోనే రాయించే పాఠాలున్నాయి. ఆ మెషిన్ మీద డాకర్ అనుమతి ఉన్న ఎవరైనా ‘డాకర్ ఇన్‌స్పెక్ట్’ అని కొడితే అది అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తుంది, షెల్ హిస్టరీలోనూ (టెర్మినల్‌లో కొట్టిన కమాండ్ల జాబితాలోనూ) మిగిలిపోతుంది. ఇంటికి తాళం వేసి తాళంచెవిని గుమ్మానికే వేలాడదీసినట్లుంటుంది ఈ ఏర్పాటు. అదే వేరియబుల్ పేరు చివర ‘ఫైల్’ అని చేర్చి, పాస్‌వర్డ్ ఉన్న ఫైలు దారిని ఇచ్చే సదుపాయం ఎలాస్టిక్‌సెర్చ్ డాకర్ ఇమేజ్‌లోనే (డాకర్ నడిపే సిద్ధమైన ప్యాకేజీలోనే) ఉన్నా దాన్ని ఎందుకు నేర్పరు?

ఇది సొంత ల్యాప్‌టాప్‌లో నేర్చుకోవడానికే కదా, ఇంత ఆగ్రహం దేనికని కొందరు అడుగుతారు. ల్యాప్‌టాప్‌లో పనిచేసిన కమాండ్ ల్యాప్‌టాప్‌లోనే ఆగిపోదు. అది ముందు నోట్స్‌లోకి, తర్వాత ఒక స్క్రిప్టులోకి, ఆ పైన గడువు దగ్గర పడిన ఒక సాయంత్రం పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో ఎవరైనా చేరగల చిరునామా) ఉన్న క్లౌడ్ మెషిన్‌లోకి చేరుతుంది. అప్పటికి ఆ ఫాల్స్ అక్కడ ఎందుకుందో దాన్ని అతికించిన వ్యక్తికే తెలియదు, ఎందుకంటే నేర్పినవారు ఆ సంగతి ఎన్నడూ చెప్పలేదు.

కాబట్టి పాఠాలు చేసే తోటివారిని నేను నేరుగా అడుగుతున్నాను. మీ పాత వీడియోలలో ఈ ఆప్షన్ ఉంటే ఈ వారమే వివరణ పెట్టెలో హెచ్చరిక చేర్చండి, పోర్టు ముందు 127.0.0.1 అని రాయండి, సర్టిఫికెట్‌తో కనెక్ట్ అయ్యే పద్ధతిని చూపించండి. ప్రేక్షకులు ఇంకా ఫాల్స్ నేర్పుతున్న పాఠం ఎక్కడ చూసినా దాని కిందనే మర్యాదగా ఈ ప్రశ్న వేయండి: సర్వర్ తనంతట తాను పెట్టుకున్న రక్షణను మాచేత ఎందుకు తీయిస్తున్నారు?