సున్నా టికెట్టు వెంట వెళ్తే సిలబస్ దొరుకుతుంది

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు ముందుకు రండి, ఇక్కడ రెండు వరుసలు ఖాళీగానే ఉన్నాయి, ఫ్యాన్లు కూడా ఇటువైపే తిరుగుతున్నాయి.

సంస్థల్లో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ పేపరుకు ఎట్లా ప్రిపేర్ కావాలో చెప్పమని మీ మేడమ్ అడిగారు. బీకామ్ కంప్యూటర్స్ వాళ్లున్నారు, బీబీఏ వాళ్లున్నారు, ఎంబీఏ వాళ్లు కూడా కొందరు వచ్చినట్టున్నారు. ఇక్కడ మహాత్మా గాంధీ యూనివర్సిటీ అయినా, అటు పాలమూరు యూనివర్సిటీ అయినా పేపరు పేరు కొంచెం మారుతుందేమో గానీ లోపల సరుకు ఇంచుమించు ఒకటే. లోపలికి వస్తుంటేనే ఒక తమ్ముడు "అన్నా, ఇంపార్టెంట్ క్వశ్చన్లు పది చెప్పు చాలు" అన్నాడు. పది చెప్తే పదకొండోది వస్తుంది, నన్ను తిట్టుకుంటారు. అందుకని క్వశ్చన్లు చెప్పను.

ఈ సబ్జెక్టు మీద మన పిల్లల్లో ఒక అభిప్రాయం గట్టిగా ఉంది. ఇది ఉట్టి థియరీ, లెక్కలు లేవు, ప్రోగ్రాం లేదు, ముందు రోజు రాత్రి జిరాక్స్ మెటీరియల్ పట్టుకుంటే దాటేస్తాం అని. దాటేస్తారు కూడా, కాదనను. కానీ మార్కులు రావు. ఎందుకంటే డెఫినిషన్ అందరూ రాస్తారు. పేపరు దిద్దే సార్ ఒకే గైడులోని ఒకే పేరా పొద్దున్నుంచి సాయంత్రం దాకా చదివీ చదివీ విసిగిపోయి ఉంటాడు. అసలు ఈ పేపరులో ఏ క్వశ్చన్ అయినా అడిగేది ఒక్కటే: ఏ సమాచారం, ఎవరి చేతికి, ఏ నిర్ణయం కోసం పోతుంది? ఇది అర్థమైతే సిలబస్‌లో సగానికి పైగా దానంతట అదే సర్దుకుంటుంది. నేను ఇవాళ చెప్పదలచుకున్నది కూడా ఇదే.

మన దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. నల్గొండ బస్టాండులో దేవరకొండ బస్సు ఎక్కారు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణం ఉచితం, ఇది మీకు నేను చెప్పక్కర్లేదు. ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్టు కొట్టి ఇస్తాడు. డబ్బులే తీసుకోనప్పుడు టికెట్టు ఎందుకు, కాగితం దండగ కదా అని కొందరు ఆ టికెట్టు తీసుకోకుండానే కూర్చుంటారు, కండక్టర్ పిలిచి మరీ చేతిలో పెడతాడు. ఎందుకు? ఆ టికెట్టు కొట్టకపోతే ఆ ప్రయాణం జరిగినట్టు ఆర్టీసీ లెక్కలో ఉండదు. లెక్కలో లేని ప్రయాణానికి ప్రభుత్వం దగ్గర డబ్బులు అడగలేరు. డిపో దృష్టిలో బస్సు ఖాళీగా తిరిగినట్టే. మీ పుస్తకంలో మొదటి యూనిట్‌లో ఉండే ట్రాన్సాక్షన్ ప్రాసెసింగ్ సిస్టమ్, టీపీఎస్ అంటారే, అది కండక్టర్ మెడలో వేలాడే ఆ మెషీన్ దగ్గరే మొదలవుతుంది. ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగుతారు, ఏ టైముకు, మామూలుగా అయితే ఛార్జీ ఎంత, ఇవన్నీ ఒక్కో టికెట్టుకు ఒక్కో రికార్డు. అక్కడ కండక్టర్ ఆలోచించి తేల్చాల్సింది పెద్దగా ఏమీ లేదు, రూలు రాసి ఉంది, బటన్ నొక్కుతాడు. దీన్నే స్ట్రక్చర్డ్ డెసిషన్ అంటారు.

రాత్రి బస్సు డిపోకు చేరాక ఆ రికార్డులన్నీ లోపలికి పోతాయి. పొద్దున డిపో మేనేజర్ టేబుల్ మీదికి వేల టికెట్లు రావు, వస్తే ఆయన చదవలేడు. ఆయనకు కావాల్సింది ఏ ట్రిప్పులో ఎన్ని సీట్లు నిండాయి, కిలోమీటరుకు ఎంత వచ్చింది అన్నది. ఆర్టీసీ వాళ్ల మాటల్లో ఓఆర్, ఈపీకే. నిన్నటిది, పోయిన వారానిది, పోయిన ఏడాది ఇదే నెలది పక్కపక్కన పెట్టి చూస్తాడు. ఇది ఎంఐఎస్ రిపోర్టు, అంటే మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్ ఇచ్చేది. పొద్దున కాలేజీ టైములో మల్లేపల్లి వైపు బస్సు కిక్కిరిసిపోతోంది, మధ్యాహ్నం రెండింటికి అదే రూటు ఖాళీ. ఇది ఆయనకు ఒక కాగితం మీద కనబడాలి. ఎగ్జాంలో "ఎక్సెప్షన్ రిపోర్టు అంటే ఏమి" అని షార్ట్ ఆన్సర్ వస్తే, ఓఆర్ మామూలు కంటే బాగా పడిపోయిన ట్రిప్పులను మాత్రమే విడిగా చూపించే రిపోర్టు అని రాయండి, రెండు లైన్లలో అయిపోతుంది.

ఇప్పుడు పొద్దున బస్సు చాలట్లేదు, ఏం చేయాలి? కొత్త బస్సు వేయాలా, పక్క డిపో నుంచి తెచ్చుకోవాలా, మధ్యాహ్నం ఖాళీ ట్రిప్పు తీసేసి పొద్దుటికి మార్చాలా, మారిస్తే డ్రైవర్ డ్యూటీ గంటలు ఏమవుతాయి, డీజిల్ ఖర్చు ఎంత పెరుగుతుంది? "ఇట్లా చేస్తే ఏమవుతుంది, అట్లా చేస్తే ఏమవుతుంది" అని అంకెలు మార్చి మార్చి చూసుకునే పని ఇది. దీనికి పనికొచ్చేది డీఎస్‌ఎస్, డెసిషన్ సపోర్ట్ సిస్టమ్. నిర్ణయం కంప్యూటర్ తీసుకోదు, సపోర్టు మాత్రమే ఇస్తుంది. ఈ ఒక్క వాక్యం రాయనందుకే చాలామందికి మార్కు పోతుంది. ఇంకా పైన, హైదరాబాద్‌లో ఆర్టీసీ హెడ్డాఫీసు బస్‌భవన్‌లో కూర్చున్న వాళ్లకు మల్లేపల్లి ట్రిప్పుతో పని లేదు. రాబోయే ఐదేళ్లలో ఎలక్ట్రిక్ బస్సులు ఎన్ని, సొంతానివా, అద్దెవా, ప్రభుత్వం నుంచి రావాల్సింది ఎంత, డీజిల్ ధర ఎటు పోతోంది. సగం సమాచారం బయటి నుంచి వస్తుంది, నిర్ణయానికి రాసిపెట్టిన రూలు లేదు. అది ఎగ్జిక్యూటివ్ లెవెల్ సిస్టమ్, ఆ నిర్ణయాలు అన్‌స్ట్రక్చర్డ్.

చూశారా, ఒక్క సున్నా టికెట్టు వెంట పోతే నాలుగు సిస్టమ్స్ వచ్చేశాయి. దీనికి శాస్త్రం పేరు కావాలంటే, ఆపరేషనల్ కంట్రోల్, మేనేజ్‌మెంట్ కంట్రోల్, స్ట్రాటజిక్ ప్లానింగ్ అని మూడు అంతస్తులుగా విడదీసింది రాబర్ట్ ఆంథొనీ, 1965లో. నిర్ణయాల్లో రూలుకు లొంగేవి, లొంగనివి అన్న తేడా చూపించింది హెర్బర్ట్ సైమన్, 1978లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది ఆయనకే. ఈ రెండింటినీ కలిపి ఒక గడుల పట్టికగా చేసింది గోరీ, స్కాట్ మోర్టన్, 1971లో. పేర్లు, సంవత్సరాలు ఇంతకు మించి బట్టీ పట్టకండి. పట్టిక మాత్రం గీయండి, గీసి ఒక్కో గడిలో ఆర్టీసీ నిర్ణయం ఒకటి రాయండి. అరపేజీ బొమ్మ, మూడు పేజీల వ్యాసం కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఒక చిన్న సంగతి. కండక్టర్ తొందరలో స్టేజీ నంబరు తప్పు నొక్కాడనుకోండి. ఆ తప్పు డిపో రిపోర్టులోకి, అక్కడి నుంచి పైకి పోతుంది. పైన కూర్చున్నాయన ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా లాభం లేదు. "క్వాలిటీ ఆఫ్ ఇన్ఫర్మేషన్" మీద క్వశ్చన్ వచ్చినప్పుడు ఖచ్చితత్వం, సకాలం, సంపూర్ణత అని మూడు ముక్కలు రాసి వదిలేస్తారు మీరు. ఈ ఒక్క ఉదాహరణ కలపండి. అట్లాగే సిస్టమ్ అంటే కంప్యూటర్ ఒక్కటే అని రాయకండి. ఆధార్ చూడాలన్న రూలు ఒక ప్రొసీజర్, కండక్టర్ మనిషి, రెండూ సిస్టమ్‌లో భాగమే.

ఇక ఎస్‌డీఎల్‌సీ, అంటే సిస్టమ్ డెవలప్‌మెంట్ లైఫ్ సైకిల్, ఒక సిస్టమ్‌ను తయారుచేసే దశల వరుస. ఫీజిబిలిటీ, అనాలిసిస్, డిజైన్, కోడింగ్, టెస్టింగ్, ఇంప్లిమెంటేషన్, మెయింటెనెన్స్, ఈ వరుస మీకు నోటికి వచ్చు, దాని మీద టైం పెట్టను. అసలు పట్టుకోవాల్సింది పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి ఎట్లా మారాలి అన్న భాగం. నాలుగు దారులు: ఒకేసారి మారడం, పాతదీ కొత్తదీ కొన్నాళ్లు పక్కపక్కన నడపడం, ఒకచోట పైలట్‌గా పెట్టి చూడటం, భాగాలుగా మార్చడం. దీనికి మనకంటే మంచి ఉదాహరణ ఎవరికీ లేదు. భూమి రికార్డులు. 2020 సెప్టెంబర్‌లో రిజిస్ట్రేషన్లు ఆపేశారు, అక్టోబర్ 29న భూమి రికార్డుల ఆన్‌లైన్ పోర్టల్ ధరణి మొదలైంది, నవంబర్ 2 నుంచి తహసీల్ ఆఫీసుల్లో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ రాష్ట్రమంతా ఒకేసారి కొత్త పద్ధతిలోకి వచ్చింది. తర్వాత 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, దాన్ని ముందు నాలుగు మండలాల్లో పైలట్‌గా పెట్టారు, అందులో ఒకటి మన పాత పాలమూరు జిల్లాలోని మద్దూరు, ఇప్పుడు నారాయణపేట జిల్లా. రాజకీయం మీ ఇంటి దగ్గర మాట్లాడుకోండి, ఇక్కడ వద్దు. కానీ మీ ఇళ్లలో పట్టా పాసుపుస్తకం కోసం తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లు ఉంటారు, వాళ్లను అడిగితే డేటా కన్వర్షన్, అంటే పాత రికార్డులను కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించడం, అంటే ఏమిటో పుస్తకం కంటే బాగా చెప్తారు. పాత రికార్డులో పేరు తప్పుంటే, విస్తీర్ణం తప్పుంటే, అది కొత్త పోర్టల్‌లోకి అట్లాగే వచ్చి కూర్చుంటుంది. పైగా సరిచేయడానికి స్క్రీన్ మీద ఆప్షన్ లేకపోతే ఆఫీసర్ కూడా చేతులెత్తేస్తాడు. ఒకేసారి మారితే ఖర్చు తక్కువ, తొందరగా అవుతుంది, తప్పు బయటపడితే మాత్రం అందరికీ ఒకేసారి తగులుతుంది. పైలట్ అయితే తప్పు నాలుగు మండలాల్లోనే తేలుతుంది, కాకపోతే మిగతావాళ్లు ఎదురుచూడాలి. ఇంతే ఆన్సర్.

విదేశీ కేసు కావాలంటే హెర్షీ చాక్లెట్ కంపెనీది రాయండి. 1999లో మూడు పెద్ద సాఫ్ట్‌వేర్‌లు ఒకేసారి పెట్టుకున్నారు, గడువు కుదించుకున్నారు, అది కూడా సరిగ్గా వాళ్ల హాలోవీన్ సీజన్‌కు ముందు. గోదాముల్లో చాక్లెట్లు ఉన్నాయి, దుకాణాలకు పంపలేకపోయారు. మన మిర్యాలగూడ మిల్లర్లను అడగండి, సీజన్‌లో వడ్ల లారీలు బారులు తీరి ఉన్నప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటావా అని. నవ్వుతారు. ఈఆర్‌పీ, అంటే కంపెనీ పనులన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో కలిపే సిస్టమ్, ఆ చాప్టర్‌లో "అమలులో విఫలం కావడానికి కారణాలు" అన్న క్వశ్చన్‌కు టైమింగ్, ట్రైనింగ్, టెస్టింగ్ అన్న మూడూ హెర్షీ కేసు చుట్టూ అల్లేయవచ్చు.

డేటాబేస్ యూనిట్‌కు భయపడేవాళ్లు చేతులెత్తండి. ఇంతమందా! దానికీ పాసుపుస్తకమే చాలు. ఒక ఊళ్లో ఒకే పేరు, తండ్రి పేరు కూడా ఒకటే ఉన్న రైతులు ఇద్దరు ఉండటం వింతేమీ కాదు. పేరుతో వెతికితే ఒకరి ఎకరం ఇంకొకరికి పోతుంది. అందుకే ఖాతా నంబరు ఉంటుంది, ఒక్కో రికార్డును విడిగా గుర్తుపట్టించే అలాంటి నంబరే ప్రైమరీ కీ. ఆ రైతుకు ఐదు సర్వే నంబర్లలో భూమి ఉంటే ఐదుచోట్లా ఆయన పేరు, ఊరు, ఫోన్ నంబరు రాస్తే, ఫోన్ మారినప్పుడు నాలుగుచోట్ల మార్చి ఒకచోట మరిచిపోతారు. రైతు వివరాలు ఒక పట్టికలో, భూమి వివరాలు ఇంకో పట్టికలో పెట్టి ఖాతా నంబరుతో కలిపితే ఆ తంటా లేదు. నార్మలైజేషన్ ఎందుకు అంటే ఇందుకు. ఎడ్గర్ కాడ్ 1970లో డేటాను ఇట్లా పట్టికల్లో పెట్టే రిలేషనల్ మోడల్ ప్రతిపాదించాడు, పీటర్ చెన్ 1976లో దేనికి దేనితో సంబంధమో డబ్బాలు, గీతలతో చూపించే ఈఆర్ డయాగ్రమ్ ఇచ్చాడు. ఈఆర్ డయాగ్రమ్‌కు రైతు, భూమి, బ్యాంకు లోను అని మూడు డబ్బాలు గీయండి. గైడులో ఉన్న స్టూడెంట్, కోర్స్ బొమ్మ అందరూ గీస్తారు.

సెక్యూరిటీ, చట్టాలు తొందరగా చెప్తా. మన ఐటీ చట్టం 2000లో వచ్చింది, 2008లో సవరించారు, వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023ది. పాత మెటీరియల్‌లో ఐటీ చట్టం సెక్షన్ 66ఏ, అంటే ఆన్‌లైన్‌లో అభ్యంతరకర మెసేజీలు పంపితే శిక్ష అన్నది, కనిపిస్తే జాగ్రత్త, దాన్ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది, అమల్లో ఉన్నట్టు రాసి మార్కు పోగొట్టుకోకండి.

ఇప్పుడు చదివే పద్ధతి. హైలైటర్‌తో పుస్తకమంతా పచ్చగా చేసి నాలుగుసార్లు తిరగేస్తే చదివినట్టు అనిపిస్తుంది, అది ఉత్త భ్రమ. పుస్తకం మూసి తెల్లకాగితం మీద గుర్తున్నంత రాయండి, తర్వాత పుస్తకం తెరిచి ఏది తప్పిందో ఎర్ర పెన్నుతో కలపండి, రెండు రోజులాగి మళ్లీ అదే చేయండి. మొదటిసారి కాగితం సగం ఖాళీగా ఉంటుంది, టెన్షన్ పడొద్దు, ఆ ఖాళీయే మీరు ఏం చదవాలో చెప్తుంది. హాస్టల్లో ఉన్నవాళ్లు ఒకరికొకరు చెప్పుకోండి, ముఖ్యంగా సబ్జెక్టు తెలియని రూమ్మేట్‌కు. వాడికి అర్థం కాలేదంటే మీకూ కాలేదనే లెక్క. పాత పేపర్లు తెచ్చుకోండి, ఏ క్వశ్చన్ వచ్చిందో చూడటానికి కాదు, ఎట్లా అడిగారో చూడటానికి. "వివరించండి" అంటే ఒక పద్ధతి, "పోల్చండి" అంటే పట్టిక వేయాలి, "విమర్శనాత్మకంగా చర్చించండి" అంటే లాభంతో పాటు నష్టం కూడా రాయాలి. మూడింటికీ ఒకే ఆన్సర్ రాసేవాళ్లే ఎక్కువ.

కేస్ స్టడీ ఇస్తే ముందు కింద ఉన్న ప్రశ్నలు చదవండి, తర్వాత కథ చదవండి. చదువుతూ మార్జిన్‌లో మూడే రాసుకోండి: నిర్ణయం తీసుకునేది ఎవరు, వాళ్ల దగ్గర ఏ సమాచారం ఉంది, ఏది లేదు. సమస్య దాదాపు ఎప్పుడూ ఆ మూడోదాంట్లోనే ఉంటుంది. "కంపెనీ కంప్యూటరైజ్ చేసుకోవాలి" అని ఆన్సర్ ముగించకండి, ఏ లెవెల్ వాళ్లకు ఏ రిపోర్టు కావాలో పేరు పెట్టి రాయండి. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లిష్‌లో రాస్తున్న వాళ్లు పెద్ద వాక్యాల జోలికి పోవద్దు. చిన్న వాక్యం, ఒక బొమ్మ, ఒక ఉదాహరణ. గ్రామర్‌కు ఎవరూ మార్కులు కోయరు.

నా మాటలు అయిపోయాయి, ఇప్పుడు మీ వంతు. అందరూ ఒక కాగితం తీయండి. మన బత్తాయి మార్కెట్‌నో, జడ్చర్ల వైపు వాళ్లయితే బాదేపల్లి యార్డునో తీసుకుని, గేటు దగ్గర లారీ నంబరు రాసుకునే మనిషి నుంచి మార్కెట్ కమిటీ చైర్మన్ దాకా నాలుగు అంతస్తులు గీయండి, ఒక్కో అంతస్తులో ఒక నిర్ణయం, దానికి కావాల్సిన ఒక సమాచారం. పదిహేను నిమిషాలు. ఫోన్లు లోపల పెట్టండి, నేను బెంచీల మధ్య తిరుగుతా, చిక్కుపడ్డ వాళ్లు చెయ్యి ఎత్తండి.