రంగం రేవు నుంచి విశాఖ రేవు దాకా

(మేడే సందర్భంగా విశాఖపట్నం కంచరపాలెంలో చేసిన ప్రసంగ పాఠం)

అక్కలకు, అన్నలకు, తమ్ముళ్లకు మేడే వందనాలు.

పని గంటలు, కాంట్రాక్టు బతుకులు, బకాయి జీతాలు ఇన్ని ఉండగా మేడే సభలో యుద్ధం సంగతి దేనికని ఇందాక ఒక తమ్ముడు అడిగాడు. అడగాల్సిన మాటే. దానికి జవాబు ఈ కంచరపాలెంలోనే ఉంది. బర్మా క్యాంపు అని ఆటో అతనికి చెప్పి దిగుతామే, అక్కడ. 1962లో బర్మాలో సైన్యం అధికారం పట్టి, తర్వాత వ్యాపారాలన్నీ జాతీయం చేశాక కట్టుబట్టలతో తిరిగొచ్చిన మనవాళ్లు తలదాచుకున్న చోటు అది. వాళ్ల కథ మాత్రం ఇంకా రెండు మూడు తరాల వెనక, మన రేవుల్లోనే మొదలైంది.

విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, కాకినాడ. ఈ రేవుల్లో ఓడెక్కి ఉత్తరాంధ్ర జనం, గోదావరి జనం రంగూన్ పోయేవారు. మన ముసలివాళ్ల నోట అది రంగం. ఊళ్లో కరువు, నెత్తిన అప్పు. కూలీలను కుదిర్చే మేస్త్రీ వచ్చి ఓడ టిక్కెట్టుకీ, ఇంట్లో నాలుగు గింజలకీ అడ్వాన్సు ఇచ్చేవాడు. అక్కడ దిగిన దగ్గర్నుంచి ఆ బాకీ కూలిలో కోసుకునేవాడు. బర్మా అప్పుడు ప్రపంచంలోకెల్లా ఎక్కువ బియ్యం ఎగుమతి చేసే దేశం. రంగం రేవులో ఆ బస్తాలు మోసిందీ, మిల్లుల్లో పని చేసిందీ, రిక్షాలు లాగిందీ చాలామట్టుకు తెలుగువాళ్లే. లాభం బ్రిటిష్ కంపెనీలకు చేరేది.

1930 మే నెలలో ఆ రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఇక్కడ కాస్త ఆగి చూడాలి. కంపెనీలు ఏం చేశాయి? పల్లెల్లో అప్పులకు భూములు పోగొట్టుకుని పట్నం చేరిన బర్మా పేదలు పని కోసం కాచుకుని ఉన్నారు. వాళ్లను రేవులోకి దింపాయి. సమ్మె దెబ్బ తింటుందని తెలుగువాళ్లకు భయం, ఇన్నాళ్లకు మన ఊరి రేవులో మనకు పని దొరికిందని బర్మావాళ్లకు ఆశ. కొన్ని రోజులకు కంపెనీలు తెలుగు కూలీలతో రాజీ కుదుర్చుకున్నాయి. మే 26 పొద్దున్న తెలుగు కూలీలు పనిలోకి వచ్చారు. అదే పొద్దున్న బర్మా కూలీలూ వచ్చారు. ఇక మీతో పని లేదు పొమ్మన్నారు వాళ్లను. ఒకే గేటు ముందు రెండు గుంపులు. మాటా మాటా పెరిగి, కొట్లాటై, ఊరంతా పాకి, వందమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది మనవాళ్లే.

దాన్ని చరిత్రలో జాతుల కొట్లాట అని రాశారు. నేను ఒప్పుకోను. ఆ రెండు గుంపుల్నీ ఒక గేటు ముందుకు తెచ్చింది కంపెనీ లెక్కలే. అయితే ఆ కార్మికుల పక్షాన నిలబడే మనం కూడా ఒక మాట నిజాయితీగా అనుకోవాలి. బర్మా కూలీని కూడా కలుపుకున్న సంఘం ఆ రోజు రేవులో ఉంటే అతను సమ్మె విరగ్గొట్టేవాడిగా వచ్చి ఉండేవాడు కాదు.

పదకొండేళ్లు గడిచాయి. ఈసారి కొట్లాట రెండు సామ్రాజ్యాల మధ్య. బర్మాలో యెనాంజాంగ్ చమురు బావులున్నాయి, బియ్యం ఉంది, చైనాకు ఆయుధాలు పోయే రోడ్డు ఉంది. అవి బ్రిటన్ చేతిలో ఉన్నాయి, జపాన్‌కు కావాలి. 1941 డిసెంబరు 23న రంగం మీద బాంబులు పడ్డాయి. నాలుగు లక్షలకు పైగా భారతీయులు బర్మా వదిలి వచ్చారు. అందులో చాలామంది కొండలూ అడవులూ దాటుకుంటూ నడిచొచ్చారు. కలరాతో, మలేరియాతో, ఆకలితో దారిలోనే వేలమంది పోయారు. బతికి ఇల్లు చేరినవాళ్ల వెంటే యుద్ధమూ వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖ హార్బర్ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. చమురు బావుల్లో ఒక్క చుక్క కూడా సొంతం కాని మనిషి, రెండు రేవుల్లోనూ బాంబు కింద ఉన్నాడు.

లాలా లజపతి రాయ్ కమ్యూనిస్టు కాదు. అయినా 1920లో బొంబాయిలో దేశవ్యాప్త కార్మిక సంఘమైన ఏఐటీయూసీ మొదటి మహాసభకు అధ్యక్షత వహిస్తూ, సైనికవాదం, సామ్రాజ్యవాదం పెట్టుబడికి పుట్టిన కవల పిల్లలని చెప్పాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో డెబ్బై వేలమందికి పైగా భారతీయ సైనికులు చచ్చిపోయిన తర్వాత, ధరలు మండిపోతున్న రోజుల్లో అన్న మాట అది.

ఇప్పటి సంగతికి వద్దాం. ఈ సభలో రొయ్యల ప్లాంట్ల నుంచి వచ్చిన అక్కలు ఉన్నారు. వాళ్ల చేతులు చూడండి. పొద్దుటి నుంచి ఐసు నీళ్లలో రొయ్య తల గిల్లి, పొట్టు ఒలిచి, నరం తీసి, వేళ్ల చివర్లు నాని తెల్లగా ముడతలు పడిపోయి ఉంటాయి. కూలి కిలోల లెక్కన. సరుకు వచ్చిన రోజు సూపర్‌వైజర్ ఫోన్ చేస్తాడు, రాని రోజు చెయ్యడు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. అందులో సగం, రష్యా నుంచి చమురు కొంటున్నందుకు వేసిన శిక్ష. ఉక్రెయిన్ యుద్ధం, చమురు మార్కెట్టు, పెద్ద దేశాల పంతం అన్నీ తిరిగి తిరిగి ఎక్కడ తేలాయి? రొయ్య రైతు ధరలో, ఆ అక్కకు రాని ఫోన్‌లో. చమురు కొన్నది ఆవిడ కాదు, అమ్మిందీ కాదు.

స్టీల్ ప్లాంట్ సంగతి మీకు నేను చెప్పాలా? 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన ఫ్యాక్టరీ. ఇంత పెద్ద ఫ్యాక్టరీకి ఈ నాటికీ సొంత ఇనుప గని లేదు. ఉక్కు తయారీకి కావాల్సిన బొగ్గు, కోకింగ్ కోల్, ఓడల మీద రావాలి. ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే, 2022 మార్చిలో ఆ బొగ్గు ధర టన్ను 600 డాలర్లు దాటింది. అమ్మకానికి పెడతామని కేంద్రం అంతకు ముందు ఏడాది, 2021 జనవరి 27నే తేల్చేసింది. 2025లో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చారు, అదే ఏడాది కాంట్రాక్టు కార్మికులను వేల సంఖ్యలో గేటు బయట పెట్టారు. వాళ్లలో ఈ ప్లాంటుకు భూములిచ్చిన నిర్వాసితుల పిల్లలున్నారు. అప్పుడు పర్మినెంటు కార్మికుల్లో కొందరు "ముందు మన ఉద్యోగం నిలబడనీ" అనుకున్నారు. 1930లో ఆ గేటు ముందు కూడా ఇదే అనుకుని ఉంటారు. పర్మినెంటు జీతం కూడా ముక్కలు ముక్కలుగా వచ్చిన నెలలు మర్చిపోవద్దు.

ఇంకో సంగతి చాలామంది గమనించలేదు. 2023 అక్టోబరు తర్వాత ఇజ్రాయెల్ పాలస్తీనా కార్మికుల పర్మిట్లు రద్దు చేసింది. వాళ్లు చేసే తాపీ పనికి, సెంట్రింగ్ పనికి మన దేశం నుంచి మనుషుల్ని తీసుకెళ్లారు. పక్కనే తెలంగాణలో కూడా ఎంపికలు జరిగాయి. లక్ష రూపాయలు దాటిన జీతమంటే వెళ్లినవాడిని నేను తప్పు పట్టను, అతని ఇంట్లో అప్పు నాకు తెలుసు. రంగం పోయినవాడికీ అదే అప్పు. కానీ ఒకడి నోటి దగ్గర కూడు లాగి ఇంకొకడికి పెట్టి, ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టడం అనే పద్ధతి మాత్రం ఏమీ మారలేదు.

దీనికి ఎదురు తిరిగిన చరిత్ర కూడా మనదే. 1939 అక్టోబరు 2న బొంబాయిలో తొంభై వేలమంది కార్మికులు యుద్ధానికి వ్యతిరేకంగా ఒక రోజు సమ్మె చేశారు. 1945లో ఇండోనేషియాను మళ్లీ పట్టడానికి డచ్చివాళ్లు ఆయుధాలు పంపబోతే ఆస్ట్రేలియా రేవు కార్మికులు ఓడల్ని ముట్టుకోలేదు. సిడ్నీలో ఆ ఓడల మీద పనికి పెట్టిన భారతీయ నావికులు కూడా పని మానేసి దిగిపోయారు. 1946 ఫిబ్రవరిలో బొంబాయి నావికులు తిరగబడ్డారు. మన విశాఖలోని నావికులూ కలిశారు. వాళ్ల కోర్కెల జాబితాలో మంచి తిండి ఉంది, ఆజాద్ హింద్ ఫౌజు ఖైదీల విడుదల ఉంది, ఇండోనేషియా నుంచి భారత సైన్యాన్ని వెనక్కి రప్పించాలనీ ఉంది. పురుగుల పప్పు మీద మొదలైన గొడవ, పక్క దేశపు స్వాతంత్ర్యం దాకా వెళ్లింది! వాళ్లకు మద్దతుగా బొంబాయి కార్మికులు మిల్లులు ఆపారు. రెండు వందల మందికి పైగా తుపాకులకు బలయ్యారు. 2024 ఫిబ్రవరిలో మన దేశంలో 11 పెద్ద రేవుల్లో సభ్యులున్న వాటర్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ ఫెడరేషన్, గాజా మీద యుద్ధానికి పోయే ఆయుధాల సరుకు ఎత్తబోమని చెప్పింది.

షిప్‌యార్డు కుర్రాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "బాబాయ్, నేవీ ఆర్డర్లు లేకపోతే మాకు పనెక్కడిది?" అని. వాళ్ల పనిని చులకన చేసే హక్కు నాకు లేదు. ఒక్కటి గుర్తు చేస్తాను. ఆ యార్డుకు 1941లో రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948లో అక్కడి నుంచి నీళ్లలోకి దిగిన మొదటి ఓడ జల ఉష, సరుకు ఓడ. ఇవాళ మన విదేశీ వ్యాపారం సరుకంతా దాదాపు పరాయి దేశాల ఓడల మీదే పోతోంది. సరుకు ఓడలు కట్టించుకునే అవసరం దేశానికి లేకనా? 2024 ఒక్క ఏడాదిలో ప్రపంచం సైన్యాల మీద పెట్టిన ఖర్చు 2 లక్షల 70 వేల కోట్ల డాలర్లు. ఆ డబ్బు ఎక్కడికి పోతే పని అక్కడే పుడుతుంది. ఎక్కడికి పోవాలో తేల్చేది ఎవరన్నదే మన గొడవ.

అందుకే పాలకులు ముందుగా కార్మికుడి చేతులు కట్టేస్తారు. 29 కార్మిక చట్టాలను నాలుగు కోడ్లుగా చేసి 2025 నవంబరు 21 నుంచి అమల్లో పెట్టారు. ఏ ఫ్యాక్టరీలో సమ్మె చెయ్యాలన్నా 14 రోజుల నోటీసు ఇవ్వాలట. మూడు వందల లోపు మందున్న చోట తీసెయ్యడానికి యజమాని ప్రభుత్వాన్ని అడగక్కర్లేదు. మన రాష్ట్రంలో రోజు పనిని పది గంటలకు పెంచారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీ పేలుడులో పదిహేడు మందిని పోగొట్టుకున్న జిల్లాలో, అలసిన మనిషిని రియాక్టర్ పక్కన ఇంకో గంట నిలబెడతామంటున్నారు.

ఇక మనం చెయ్యాల్సిన పని. పరవాడలో, అచ్యుతాపురంలో, గంగవరంలో సగానికి సగం మంది ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లే కనిపిస్తున్నారు. షెడ్డులో పదిమంది కలిసి వండుకు తింటారు, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు బాకీ ఉంటారు. వాళ్ల వల్ల మన కూలి పడిపోతోందని మన యూనియన్ ఆఫీసుల్లోనే వింటున్నాను. నాకు అది నచ్చడం లేదు. మన సంఘాల సభ్యత్వ పుస్తకాల్లో వాళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయో మీరే చూడండి. కరపత్రాలు ఇప్పటికీ ఒక్క తెలుగులోనే వేస్తున్నాం. వచ్చే కరపత్రం ఒడియాలో, హిందీలో కూడా పడాలి. ఆ రెండు భాషలూ రాయగలిగినవాళ్లు సభ అయ్యాక వెళ్లిపోకుండా ఈ స్టేజి పక్కన కలవండి, ఈ రాత్రికే కూర్చుందాం.