ఏడు మాటలు, ఏడుగురు పాస్టర్లు

హోస్ట్: వందనాలు అయ్యగారూ. గుడ్ ఫ్రైడేకి ఊళ్లో మిషన్లన్నీ, అంటే వేర్వేరు క్రైస్తవ శాఖల సంఘాలన్నీ, కలిసి ఆరాధన పెట్టుకోవాలంటే ముందు ఏం చూసుకోవాలండీ?

అయ్యగారు: వందనాలమ్మా. ముందు గడియారం చూసుకోవాలి. మనకి పన్నెండు నుంచి మూడు దాకా అలవాటు. ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) ఫాదర్ గారికి మూడింటికి వాళ్ల గుడిలో శ్రమల ఆరాధన ఉంటుంది. ఆయన్ని పిలిచి మూడున్నరదాకా కూర్చోబెడితే పిలిచినట్టా, ఇరుకున పెట్టినట్టా?

హోస్ట్: మరి యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు ఎవరెవరికి?

అయ్యగారు: (నవ్వు) అక్కడే ఉంది తంటా. "సమాప్తమైనది" అందరికీ కావాలి. "దప్పిగొనుచున్నాను" ఎవరికీ వద్దు, అంత చిన్న మాట మీద ఏం చెబుతాం అంటారు. అందుకే చీట్లు వేస్తాం. మనిషికి పదిహేను నిమిషాలు. మొదటాయన ముప్పావుగంట లాగాడంటే ఏడో ఆయనకి ఆమెన్ చెప్పే టైమే మిగులుతుంది.

హోస్ట్: పాటలకైతే గొడవుండదేమో?

అయ్యగారు: లూథరన్లకీ, బాప్టిస్టులకీ, మన సీఎస్ఐకీ (దక్షిణ ఇండియా సంఘానికీ) ఉండదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకం అందరి చేతుల్లోనూ ఉంది, నంబరు చెబితే చాలు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఎత్తుకున్నాక ఎవరు ఏ మిషనో పోల్చలేరు. ఫాదర్ గారి వాళ్లకీ, పెంతెకోస్తు వాళ్లకీ మాత్రం పాటల కాగితం జిరాక్స్ తీయించాలి.

హోస్ట్: ప్రభు భోజనం కూడా కలిపి పెట్టేస్తే?

అయ్యగారు: వద్దమ్మా. కేథలిక్కులు మన బల్ల దగ్గరికి రాకూడదు, వాళ్ల నియమం అది. సాల్వేషన్ ఆర్మీ వాళ్లకి అసలు ఆ సంస్కారమే లేదు. సగం మంది లేచి, సగం మంది కూర్చుండిపోతే ఆ రోజంతా అదే గుర్తుంటుంది. తొందరపడి లాభం లేదు. 1919లో తమిళనాట తరంగంబాడిలో మొదలైన సంఘాల కలయిక చర్చలు 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సీఎస్ఐగా తేలాయి. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలవడానికి ఇరవై ఎనిమిదేళ్లు! తరంగంబాడిలో ముందుండి నడిపిన మన దోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1945లోనే పోయారు, చూడనే లేదు.

హోస్ట్: సిద్ధాంతం కాకుండా ఇంకేదైనా అడ్డొస్తుందా?

అయ్యగారు: కులం. పైకి అనరు గానీ, మన పల్లెల్లో చాలాచోట్ల ఏ మిషనో చెబితే ఏ పేటో తెలిసిపోతుంది. ఏటా జనవరి 18 నుంచి 25 దాకా క్రైస్తవ ఐక్యతా ప్రార్థన వారం జరుగుతుంది కదా, 2013లో దాని పాఠాలు తయారుచేసింది మన దేశపు విద్యార్థి క్రైస్తవ ఉద్యమం వాళ్లే. బైబిల్లో మీకా గ్రంథం 6వ అధ్యాయం తీసుకుని దళితుల మాట సూటిగా పెట్టారు. మన ఊళ్లలో ఆ పాఠాలు ఎందరు తెరిచారో నాకు అనుమానమే.

హోస్ట్: మరి ప్లానింగులో దాన్ని ఎలా ఎత్తుతారు?

అయ్యగారు: ప్రసంగంలో ఎత్తను. ఏటా గుడి మారుస్తాం, పెద్ద గుడి ఉంది కదా అని ప్రతిసారీ అక్కడే పెట్టం. కానుకలు ఎక్కడికి పోవాలో మొదటి మీటింగులోనే రాయిస్తాం, ఆ గుడి ఖాతాకి మాత్రం కాదు. ఇక ఉపవాసం విడిచేటప్పుడు మజ్జిగ. బిందె ఏ ఇంటి నుంచి వస్తుంది, గ్లాసులు ఎవరు అందిస్తారు... ఇది స్త్రీల సమాజం వాళ్లతో కూర్చుని, రెండు పేటల పేర్లూ పక్కపక్కనే రాయిస్తాను. ఒకరిద్దరు మొహం చిట్లిస్తారు. చిట్లించనీ.