తాళం వేసిన తెర మీద ఏం రాయాలి?

అందరికీ నమస్కారం. అమెరికాలోని లాటినోలు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న స్పానిష్ మాట్లాడేవాళ్లు, హెచ్‌ఐవీ టెస్టు చేయించుకునేలా చేసే యాప్ ఎలా ఉండాలన్నదే ఈరోజు మాట. మీలో చాలామంది యాప్‌లు తయారుచేసేవాళ్లే కాబట్టి నేరుగా ఒక ఫోన్ తెర దగ్గర మొదలుపెడతాను.

లాస్ ఏంజెలెస్‌లో చిన్న అపార్ట్‌మెంట్ అనుకోండి. రెండు గదులు, ఐదుగురు మగవాళ్లు. ఒకరిది మెక్సికో, ఇద్దరిది గ్వాటెమాలా, మిగతా ఇద్దరిది ఎల్ సాల్వడార్. పని నుంచి వచ్చి, ఫోన్లన్నీ ఒకే ప్లగ్గు దగ్గర ఛార్జింగ్‌కి పెట్టి వంట మొదలుపెడతారు. అందులో ఒక ఫోన్ వెలుగుతుంది: "మీ హెచ్‌ఐవీ టెస్టుకు టైమయింది." ఆ ఫోన్ ఎవరిదో అతనికి మగవాళ్లతో సంబంధాలున్నాయని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. మేలు కోరి పంపిన ఆ వాక్యం అతనికి నిలువ నీడ లేకుండా చేయగలదు. యాప్ ఎలాగూ తీసేస్తాడు.

నా దృష్టిలో మిగతా డిజైన్ అంతా ఈ తెర నుంచే పుట్టాలి.

అవసరం ఎంతుందో చూడండి. 2022లో అమెరికాలో కొత్తగా హెచ్‌ఐవీ సోకినవాళ్లు 31,800 మంది అని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అంచనా. వాళ్లలో 33 శాతం లాటినోలు. దేశ జనాభాలో లాటినోలు దాదాపు ఐదోవంతే. 13 నుంచి 64 ఏళ్ల మధ్య ప్రతి ఒక్కరూ కనీసం ఒకసారి టెస్టు చేయించుకోవాలని సీడీసీ 2006 నుంచీ చెబుతోంది. ఇప్పుడు మందులు బాగున్నాయి. రోజూ వేసుకుని, రక్తంలో వైరస్ టెస్టుకు దొరకనంతగా తగ్గి అలాగే నిలిస్తే, శృంగారం ద్వారా ఇంకొకరికి సోకదు. కానీ టెస్టు జరిగితేనే కదా మందు మొదలయ్యేది!

ఇక భాష. చాలా టీముల్లో ఇంగ్లిష్‌లో అంతా కట్టేసి, చివరి వారం అనువాదానికి పంపుతారు. అక్కడే దెబ్బ తింటాం. స్పానిష్‌లో "ఆస్తే లా ప్రువేబా" అంటే "టెస్టు చేయించుకో". "ఆగాసే లా ప్రువేబా" అంటే "చేయించుకోండి". నువ్వు, మీరు తేడా తెలిసిన మనకి దీన్ని ఎవరూ వివరించక్కర్లేదు. పైగా మధ్య అమెరికాలో చాలాచోట్ల చనువుకు "తూ" బదులు "వోస్" అంటారు. నా అభిప్రాయం అడిగితే, కండోముల గురించి, భయాల గురించి మాట్లాడే చోట స్నేహితుడిలా "నువ్వు" అనొచ్చు. ఫలితం చెప్పే తెర మీద మాత్రం "మీరు" అనే ఉండాలి. ఆ క్షణంలో మనిషికి కావలసింది మర్యాద. అన్నట్టు, స్పానిష్‌లో హెచ్‌ఐవీ అనరు, అక్షరాల వరుస మారి "వీఐహెచ్" అవుతుంది. వెతికే పెట్టెలో అతను కొట్టేది అదే.

పేరు గడి సంగతి కూడా చెప్పాలి. లాటినోలకు సాధారణంగా తండ్రి వైపుది, తల్లి వైపుది రెండు ఇంటిపేర్లు. ఒకే పదం తీసుకునే గడి, మధ్యలో ఖాళీ వస్తే ఎర్రగా మారుతుంది. ఇంటిపేరు ఏ గడిలో రాయాలో తెలీక అమెరికా ఫారాలతో కుస్తీపట్టిన తెలుగువాళ్లకి ఆ చిరాకు తెలుసు. అయినా ఈ యాప్‌కు అసలు పేరెందుకు? దగ్గరి క్లినిక్ చూపించడానికి జిప్ కోడ్, అంటే అక్కడి పిన్ కోడ్, చాలు. లొకేషన్ అడగొద్దు. అమెరికాలో ఉండే అనుమతి కాగితాలు లేని మనిషికి "మీరెక్కడున్నారో చూడనివ్వండి" అనే అభ్యర్థన ఎలా వినిపిస్తుందో ఒక్కసారి ఆలోచించండి.

ఆ భయాలు ఊరికే పుట్టలేదు. హెచ్‌ఐవీ ఉన్న విదేశీయులు అమెరికాలోకి రాకుండా 1987లో నిషేధం పెట్టారు. అది తొలగింది 2010 జనవరిలో. చట్టం పోయినంత తేలిగ్గా భయం పోదు. మన వృత్తి కూడా ఆ భయాన్ని పెంచింది. 2018 మార్చిలో, మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్లు ఎక్కువగా వాడే గ్రైండర్ డేటింగ్ యాప్, మూడు నుంచి ఆరు నెలలకోసారి టెస్టు గుర్తుచేసే సదుపాయం తెచ్చింది. మంచి పని. వారం తిరిగేసరికి, వాడేవాళ్లు రాసుకున్న హెచ్‌ఐవీ వివరాలు, చివరి టెస్టు తేదీ రెండు బయటి కంపెనీలకు వెళ్తున్నాయని బయటపడింది. ఆపేస్తామని కంపెనీ చెప్పింది. అమెరికాలో వైద్య సమాచారాన్ని కాపాడే హిపా చట్టం ఇలాంటి యాప్‌లలో చాలావాటికి వర్తించదు. అందుకే నేను పదేపదే చెప్పేది: దాచుకోని సమాచారం లీకవదు.

మరి పనిచేసింది ఏమిటి? లాస్ ఏంజెలెస్‌లో ఎక్కువగా నల్లజాతి, లాటినో మగవాళ్లతో ఫేస్‌బుక్ గ్రూపులు పెట్టి, వాళ్లలాంటివాళ్లకే శిక్షణ ఇచ్చి, 12 వారాలు మాట్లాడించారు. హెచ్‌ఐవీ గురించి మాట్లాడిన గ్రూపుల్లో 44 శాతం మంది ఇంట్లో చేసుకునే కిట్ అడిగారు. మామూలు ఆరోగ్య విషయాలు మాట్లాడిన గ్రూపుల్లో 20 శాతం. ఇదే పద్ధతిని పెరూలో 556 మందితో చేశారు, ఫలితాలు 2015లో వచ్చాయి. క్లినిక్‌కి వెళ్లి టెస్టు చేయించుకున్నవాళ్లు 17 శాతం, అలా శిక్షణ పొందినవాళ్లు లేని గ్రూపుల్లో 7 శాతం. రెట్టింపు దాటింది, నిజమే. కానీ మిగతా 83 శాతం మంది వెళ్లలేదు. గ్రూపులో మాట్లాడటానికీ క్లినిక్ తలుపు తట్టడానికీ మధ్య ఉన్న ఆ దూరమే మన పని.

ఇంటి కిట్ ఆ దూరాన్ని కొంత తగ్గిస్తుంది. 2012లో అమెరికా ప్రభుత్వం అనుమతించిన ఓరాక్విక్‌తో చిగుళ్ల మీద రుద్ది, 20 నిమిషాలు ఆగాలి. ఆ 20 నిమిషాలు ఎవరూ డిజైన్ చేయరు! గడియారం వెనక్కి తిరగడం చూపించొద్దు. ఆగిన మనిషితో మాట్లాడండి. గత మూడు నెలల్లో సోకి ఉంటే ఇందులో కనిపించకపోవచ్చని ముందే చెప్పండి. పాజిటివ్ చూపిస్తే అదే చివరి మాట కాదని, క్లినిక్‌లో ఇంకో టెస్టుతో ఖాయం చేస్తారని చెప్పండి. ఆ పక్కనే, స్పానిష్ మాట్లాడే మనిషికి ఫోన్ కలిపే మీట. అర్ధరాత్రి ఒంటిగంటకైనా అటువైపు ఎవరో ఒకరు ఎత్తాలి. అది బడ్జెట్‌లో ఖర్చే, మొదటి రోజే రాసుకోండి.

ఇక ఆ ఐదుగురి గదిలో వెలిగే ఫోన్. "నీకు ఒక సందేశం ఉంది" అంటే చాలు. మిగతాదంతా అతను తాళం తీశాకే.

ప్రశ్నలుంటే అడగండి.