పనిబల్లకి ఎంత దూరంలో ఉన్నాం?

అందరికీ నమస్కారం.

పోయినసారి ఈ హాల్లోనే ఫైనలియర్ అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. "సార్, జానీ ఐవ్ అంతటి మనిషి ఆపిల్ లాంటి కంపెనీని ఎందుకు వదులుకున్నాడు? దానికన్నా పై మెట్టు ఎక్కడుంది?" అప్పటికే టైమ్ అయిపోయింది. అందరూ లేచి నిలబడ్డారు. నేనూ ఏదో తోచింది చెప్పేసి బయటపడ్డాను. ఇంటికెళ్లాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ఇవాళ ఆ బాకీ తీర్చడానికే వచ్చాను.

జరిగింది మీలో చాలామందికి తెలుసు. 2019 జూన్ 27న ఆపిల్ ప్రకటించింది: చీఫ్ డిజైన్ ఆఫీసర్ జానీ ఐవ్ వెళ్లిపోతున్నాడు, మిత్రుడు మార్క్ న్యూసన్‌తో కలిసి 'లవ్‌ఫ్రమ్' అనే స్టూడియో పెడుతున్నాడు అని. 1992లో చేరిన మనిషి. 27 ఏళ్లు. ఐమాక్, ఐపాడ్, ఐఫోన్, ఐప్యాడ్, వాచ్... ఇవన్నీ రూపుదిద్దుకున్న గదికి పెద్ద ఆయనే.

నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను. వస్తువు ఎలా ఉండాలో తేల్చే మనిషీ, దాన్ని తయారుచేసే చెయ్యీ ఒకే బల్ల దగ్గర ఉన్నంతకాలం డిజైనర్ ఎక్కడికీ వెళ్లడు. ఆ బల్ల దూరమైన రోజున మనసు వెళ్లిపోతుంది. రాజీనామా ఎప్పుడో తరవాత వస్తుంది. ఐవ్ విషయంలో నాకు కనిపించింది ఇదే. ఆయన మనసులో దూరి చూశానని అనను. బయటికి తెలిసిన సంగతుల్ని వరసగా పెట్టుకుంటే నాకు అలా అర్థమైంది.

ఆయన తండ్రి మైఖేల్ ఐవ్ వెండిపని తెలిసిన మనిషి. మిడిల్‌సెక్స్ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేవాడు. ఏటా క్రిస్మస్‌కి కొడుక్కి ఆయన ఇచ్చే కానుక ఏమిటో తెలుసా? ఒక రోజు. సెలవులకి కాలేజీ వర్క్‌షాప్ ఖాళీగా ఉంటుంది. ఆ రోజంతా తండ్రి కొడుకుతోనే, వాడు ఏం చేద్దామంటే అది. షరతు ఒక్కటే: చేయాలనుకున్నది ముందుగా కాగితం మీద చేత్తో గీసి తేవాలి. ఈ సంగతి చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు అలా కూర్చుండిపోయాను.

ఎందుకంటే మా బాపు కరీంనగర్‌లో వెండి తీగపని చేసేవాడు. వెండిని కరిగించి, కడ్డీ పోసి, సాగగొట్టి, ఆ తరవాత కమ్మచ్చులో పెట్టి లాగాలి. కమ్మచ్చంటే మీకు తెలియకపోవచ్చు. ఉక్కు పలకకి వరసగా బెజ్జాలు, పెద్దదాని నుంచి చిన్నదాకా. ఒక్కో బెజ్జంలోంచి లాగుతుంటే తీగ సన్నబడుతూ పోతుంది. తరవాత రెండు తీగలు పురిపెట్టి, కాస్త అణగగొట్టి, ఆకులా పువ్వులా వంచి, చట్రంలో అమర్చి, వెలిగారం వేసి అతకాలి. నేను చిన్నప్పుడు పక్కన కూర్చుని చూస్తుంటే చివరి రెండు బెజ్జాల దగ్గర పట్టకారు నా చేతికిచ్చేవాడు. "తెగుతదా, వస్తదా చెప్పు" అనేవాడు. నేను తీగ వైపు వంగితే వెంటనే, "సూసి జెప్పకు, పట్టుకొని జెప్పు." నిజంగానే తెగేముందు తీగ వేళ్లలో ఒక రకంగా బిగుస్తుంది. కంటికి ఏమీ కనపడదు. చేతికే తెలుస్తుంది.

ఐవ్ చదువు న్యూకాజిల్ పాలిటెక్నిక్‌లో. 1989లో బయటికొచ్చి, కొన్నాళ్లకి లండన్‌లో టాంజరిన్ అనే చిన్న డిజైన్ సంస్థలో చేరాడు. అక్కడ వాష్‌బేసిన్లు, టాయిలెట్ సామాన్లు కూడా గీశాడు. టాంజరిన్‌కి ఆపిల్ ఒక క్లయింట్. అప్పట్లో ఆపిల్ డిజైన్ పెద్దగా ఉన్న రాబర్ట్ బ్రూనర్ ఆయన్ని కాలిఫోర్నియాకి రప్పించాడు. మొదటి ఐదేళ్లు బాగా గడవలేదు. కంపెనీ మునిగిపోయేలా ఉంది. 1997 ఆర్థిక సంవత్సరంలో 100 కోట్ల డాలర్లకి పైగా నష్టం. మానేద్దామా అన్నంతదాకా ఆయన వచ్చాడు. ఆ ఏడాదే, ఆపిల్‌ని మొదలుపెట్టిన వాళ్లలో ఒకడై మధ్యలో బయటికెళ్లిన స్టీవ్ జాబ్స్ తిరిగొచ్చి, మన లక్ష్యం డబ్బొక్కటే కాదు, గొప్ప వస్తువులు చేయడం అన్నాడు. ఐవ్ ఆగిపోయాడు.

బల్ల కథ ఇక్కడే మొదలవుతుంది. ఆపిల్ ఉండే ఊరు కుపర్టినోలో డిజైన్ స్టూడియో కింది అంతస్తులో ఉండేది. అద్దాలకి నల్లరంగు, తలుపుకి తాళం, కంపెనీలో చాలామందికే లోపలికి ప్రవేశం లేదు. లోపల పొడవాటి బల్లలు, వాటి మీద ఫోమ్‌తో, ప్లాస్టిక్‌తో, లోహంతో చేసిన నమూనాలు. జట్టులో ఉన్నది పాతిక మంది లోపే. ప్రపంచం చేతుల్లోకి వెళ్లిన వస్తువులన్నిటికీ పాతిక మంది లోపే! జాబ్స్ ఊళ్లో ఉన్న రోజున మధ్యాహ్నం ఐవ్‌తో కలిసి భోంచేసి, తరచుగా అటునుంచి అటే స్టూడియోకి వెళ్లేవాడు. బల్లల మధ్య తిరుగుతూ ఒక్కో నమూనానీ చేతిలోకి తీసుకుని తిప్పి చూసేవాడు. అందులో స్లైడ్లు లేవు, మెయిళ్లు లేవు. తేల్చేవాడూ చేసేవాడూ వస్తువుకి రెండు పక్కలా నిలబడి ఉన్నారు.

ఆ దగ్గరితనం ఎంత పని చేస్తుందో ఒక్క వస్తువుతో చూపిస్తాను. 1998 ఐమాక్. ఇక్కడ చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. ఆకుపచ్చ కలిసిన నీలి రంగులో, లోపలి భాగాలు మసకగా కనపడే ప్లాస్టిక్ కంప్యూటర్. దాని నెత్తిన ఒక పిడి. బల్ల మీద కూర్చునే కంప్యూటర్‌ని ఎవరు మోసుకుపోతారు? మరి పిడి ఎందుకు? ఐవ్ చెప్పిన కారణం నాకు ఇప్పటికీ పాఠమే. ఆ రోజుల్లో జనానికి కంప్యూటరంటే భయం. భయపడేదాన్ని ఎవరూ ముట్టుకోరు. పిడి కనపడితే మాత్రం చెయ్యి తనంతట తానే అటు పోతుంది. 'నన్ను పట్టుకోవచ్చు' అని ఆ పిడి చెబుతుంది.

మన బిందెకి అంచు, చెంబుకి మెడ, తిరగలికి కొయ్య ఉన్నట్టే. ఎక్కడ పట్టుకోవాలో వస్తువే చెప్పాలి.

ఇప్పుడు ఇంకో కోణం చూడండి. ఆ పిడి చేయడానికి ఖర్చెక్కువ. ఇంజనీర్లు ఆ యంత్రం ఎందుకు కుదరదో కారణాల జాబితానే ఇచ్చారు. పాత ఆపిల్‌లో అయితే ఆ వాదనలో తను ఓడిపోయేవాణ్ణని ఐవే అన్నాడు. కానీ జాబ్స్‌కి నమూనా చూడగానే పిడి అర్థమైపోయింది. వివరించాల్సిన పనే పడలేదు. ఆలోచించండి, అదే ప్రతిపాదన నాలుగు మెట్ల పైనున్న కమిటీకి కాగితం మీద వెళ్లి ఉంటే? 'అనవసర ఖర్చు' అని ఒక్క గీతతో కొట్టేసేవాళ్లు. అలా కొట్టేయడం తప్పని కూడా ఎవరూ నిరూపించలేకపోయేవాళ్లు. ఐమాక్ ఆగస్టులో అమ్మకానికొచ్చింది, ఏడాది చివరికి దాదాపు 8 లక్షల కంప్యూటర్లు అమ్ముడుపోయాయి.

బల్ల దగ్గరుంటే తప్పులు జరగవని కాదు. అదే ఐమాక్‌తో ఇచ్చిన గుండ్రటి మౌస్‌ని పట్టుకుంటే ముందేదో వెనకేదో తెలిసేది కాదు. 2000లో మార్చేశారు.

2011 అక్టోబర్ 5న జాబ్స్ పోయాడు. ఆ తరవాత బయటి నుంచి చూస్తే ఐవ్ ఎదుగుతూనే ఉన్నాడు. 2012లో సర్ బిరుదు. 2013లో ఐఫోన్ తెర రూపం మొత్తం ఆయన చేతి మీదుగా మారింది. 2015లో చీఫ్ డిజైన్ ఆఫీసర్ అనే కొత్త పదవి, దాంతో పాటు జట్టుని రోజూ నడిపే పని వేరేవాళ్లకి అప్పజెప్పడం. ఆయన దృష్టి చాలావరకు ఆపిల్ కొత్త ప్రధాన కార్యాలయం ఆపిల్ పార్క్ కట్టడం మీదికి వెళ్లింది. 2017 చివర్లో మళ్లీ జట్టు బాధ్యత తీసుకున్నాడు. జాబ్స్ తరవాత సీఈఓ అయిన టిమ్ కుక్ స్టూడియోకి పెద్దగా వచ్చేవాడు కాదని, ఐవ్ కూడా ఆఫీసుకి రావడం తగ్గిపోయిందని పత్రికలు రాశాయి. అలా రాసిన వాల్ స్ట్రీట్ జర్నల్ కథనం అర్థంలేనిదని కుక్ కొట్టిపారేశాడు. ఆ వివాదంలో ఎవరు రైటో తేల్చడం నా పని కాదు. నేను చూసేది 2015నే. ఆ ఏడాదే పదవి పెరిగింది, బల్ల దూరమైంది.

అదే 2015లో ఆపిల్ పలచటి ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చింది. దాని కీబోర్డు కూడా పలచన. చిన్న దుమ్ము రేణువు దూరితే అక్షరం పడేది కాదు, లేదా ఒకటి నొక్కితే రెండు పడేవి. 2018లో ఉచిత రిపేరు ప్రకటించాల్సి వచ్చింది. 2019 నవంబర్‌లో పాత పద్ధతి కీబోర్డుకి తిరిగి వెళ్లడం మొదలుపెట్టారు. ఇది ఐవ్ ఒక్కడి మీదే వేయడం న్యాయం కాదు, అంత పెద్ద కంపెనీలో ఒక కీబోర్డు వెనక ఎన్నో చేతులుంటాయి. కానీ తెర మీదా కొలతల్లోనూ అందంగా ఉన్నది, రోజూ వాడే వేలి కింద వేరుగా ఉంటుంది. ఇది నాకు బాగా తెలుసు. ఎలా తెలుసో చెబుతాను.

నేను 11 ఏళ్లు వంటింటి సామాన్లు చేసే ఒక కంపెనీలో పనిచేశాను. చివరి నాలుగేళ్లు డిజైన్ హెడ్‌ని. ముందు ఆరుగురు ఉండేవాళ్లం, తరవాత నలభై మంది అయ్యాం. నా రోజంతా మీటింగులే. అప్పుడొక కొత్త మిక్సీ వచ్చింది. దాని జార్ పిడి సన్నగా, చాలా నాజూగ్గా ఉంది. తెర మీద చూశాను, తిప్పి చూశాను, బాగుందన్నాను. రెండు మీటింగుల మధ్య ఇరవై నిమిషాల్లో ఓకే చేసేశాను. నమూనా పక్క గదిలోనే ఉంది. లేచి వెళ్లి పట్టుకోలేదు.

ఏడాది తరవాత దసరాకి ఇంటికెళ్లాను. అమ్మకి నేనే పంపించిన మిక్సీ అది. అల్లం వెల్లుల్లి నూరుతోంది. చేతులు తడిగా ఉన్నాయి. నీళ్ల పనితో, వయసుతో ఆమె వేళ్ల కణుపులు లావెక్కాయి. పిడికీ జారుకీ మధ్య సందులో నాలుగు వేళ్లు దూరడం లేదు. రెండు వేళ్లే దూర్చి, జారు చుట్టూ కొంగు చుట్టి, రెండో చేత్తో అడుగున పట్టుకుని వంపుతోంది. నేను చూస్తున్నానని గమనించి నవ్వింది. "మంచిగనే ఉంది బిడ్డా. పట్టుకుంటే జారుతది, గంతే." అది నా కొడుకు చేసిన వస్తువు అని వీధిలో అందరికీ చూపించుకున్న మనిషి ఆమె. కంపెనీ మీద ఒక్క మాట కూడా అనను. తప్పు నాది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. బాపు మాటే చెవుల్లో. ఆర్నెల్ల తరవాత ఉద్యోగం మానేశాను.

ఇప్పుడు ఐవ్ స్టూడియోని చూడండి. జాబ్స్ ఒకసారి ఉద్యోగులతో అన్న మాటల్లోంచి ఆ పేరు తీసుకున్నాడు. ఒక వస్తువుని ప్రేమతో, శ్రద్ధగా చేయడమంటే మనుషులందరికీ కృతజ్ఞత చెప్పుకోవడమే అన్నది దాని సారం. శాన్‌ఫ్రాన్సిస్కోలో పాత భవనాలుండే జాక్సన్ స్క్వేర్‌లో చోటు చూసుకున్నాడు. ఎయిర్‌బీఎన్‌బీతో, ఫెరారీతో పని చేశాడు. 2023లో బ్రిటన్ రాజు చార్లెస్ పట్టాభిషేకానికి చిహ్నం గీశారు. గులాబీ, తిసిల్, డాఫడిల్, షామ్‌రాక్ కలిసి కిరీటం ఆకారంలో. అదే ఏడాది కామిక్ రిలీఫ్ అనే దాన సంస్థ కోసం, జోకర్లు పెట్టుకునే ఎర్ర ముక్కుని కూడా కొత్తగా చేశారు. మడిస్తే చిన్న చంద్రవంక, విప్పితే కాగితం తేనెతుట్టెలా బంతి. ఐఫోన్ చేసిన మనిషి కాగితం ముక్కు మీద కూర్చున్నాడు! నాకు ఆయన చేసిన ఖరీదైన పనులన్నిటికన్నా ఇదే ఇష్టం.

స్టూడియో కలలున్న వాళ్లు ఒక్క సంగతి గమనించాలి. ఆయన బయటికొచ్చేటప్పుడు మొదటి క్లయింట్ ఆపిలే. ఆ ఒప్పందం 2022లో ముగిసిపోయిందని వార్తలొచ్చాయి. అంటే మూడేళ్ల భరోసా ఉంది. నాకు అది లేదు. మొదటి ఏడాది ముగ్గురం, ఒక అద్దె షెడ్డు, నెల చివరికి జీతాల టెన్షన్. అప్పు చేసి స్టూడియో పెట్టమని మీలో ఎవరికీ చెప్పను.

ఇంకో ముచ్చట. ఐవ్‌ని ఆపిల్‌కి తెచ్చిన బ్రూనర్ ఉన్నాడే, ఆయన 1996లోనే వెళ్లిపోయి, 2007లో అమ్యూనిషన్ అనే సొంత స్టూడియో పెట్టాడు. బీట్స్ హెడ్‌ఫోన్లు ఆ స్టూడియో డిజైనే. 2014లో ఆపిల్ బీట్స్‌ని 300 కోట్ల డాలర్లు పెట్టి కొనుక్కుంది. వెళ్లిపోయిన మనిషి పని అలా తిరిగి ఇంటికొచ్చింది. ఐవ్ తరవాత ఆపిల్‌లో వస్తువుల డిజైన్ చూసిన ఇవాన్స్ హాంకీ కూడా బయటికొచ్చి, ఆయనతోనే కలిసి ఐఓ అనే కంపెనీ మొదలుపెట్టింది. 2025 మే నెలలో, చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ దాన్ని సుమారు 650 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది. లవ్‌ఫ్రమ్ మాత్రం విడిగానే ఉంది. అంత డబ్బు చుట్టూ చేరాక ఆ బల్ల మళ్లీ దూరమవుతుందా అని నాకు భయంగానే ఉంది. కాకూడదని మనసారా కోరుకుంటున్నాను.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నలో మెట్లు ఉన్నాయి. పై మెట్టు, కింది మెట్టు. వెండిపని వాళ్ల ఇంట్లో మెట్లుండవమ్మా. కుంపటి ఉంటుంది, దాని చుట్టూ కూర్చుంటారు.

సరే, మాటలు చాలు. ఈ బల్ల మీద మూడు జార్లు పెట్టాను. ఒకటి నేను ఇరవై నిమిషాల్లో ఓకే చేసింది. రెండోది మా షెడ్డులో పోయినేడు చేసిన నమూనా. మూడోది నిన్న సాయంత్రం పూర్తయింది, దాన్ని ఇంకా అమ్మ కూడా పట్టుకోలేదు. పక్కన గిన్నెలో నీళ్లున్నాయి, కాస్త నూనె కలిపాను. ఒక్కొక్కరే రండి. చెయ్యి ముంచి, కళ్లు మూసుకుని, ఏది మొదటిదో, ఏది మూడోదో పట్టుకుని చెప్పండి. ప్రశ్నలు ఆ తరవాత.