కాష్::గెట్ అని రాస్తే లారావెల్ లోపల ఏమవుతుంది?

[తెరపై: నల్లని ఎడిటర్. మధ్యలో ఒకే లైను: కాష్::గెట్('ధరలు')]

నమస్కారం. పీహెచ్‌పీ భాషలో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్క్ లారావెల్. దానితో వారం రోజులు పనిచేసినవారైనా ఇలాంటి లైను రాసే ఉంటారు. కాష్‌లో, అంటే మళ్లీ త్వరగా అందేలా విలువలు దాచే చోట, 'ధరలు' అనే పేరుతో దాచినదాన్ని తెచ్చి ఇమ్మని అడుగుతున్నాం. ఎక్కడా 'న్యూ' అన్న మాట లేదు, మనం ఏ ఆబ్జెక్టునూ తయారు చేయలేదు. మధ్యలో రెండు కోలన్లు ఉన్నాయి కాబట్టి, కాష్ క్లాసులో గెట్ అనే స్టాటిక్ మెథడ్, అంటే ఆబ్జెక్టు లేకుండానే క్లాసు పేరుతో పిలిచే ఫంక్షను, ఉందని పీహెచ్‌పీ తెలిసిన ఎవరైనా అనుకుంటారు.

ఆ ఫైలు తెరిచి వెతుకుదాం.

[తెరపై: కాష్ ఫసాడ్ ఫైలు. పైనున్న పొడవాటి వ్యాఖ్యలు మసకబారి, కింద మూడు లైన్లే మిగులుతాయి]

ఇలాంటి క్లాసులను లారావెల్‌లో ఫసాడ్లు అంటారు. పైనున్న వ్యాఖ్యలన్నీ ఎడిటర్ మనకు మెథడ్ల పేర్లు చూపించడానికి రాసినవి. వాటిని పక్కన పెడితే ఈ క్లాసులో మిగిలేది ఒక్క ఫంక్షనే: గెట్‌ఫసాడ్‌యాక్సెసర్. అది 'కాష్' అనే పదాన్ని తిరిగి ఇస్తుంది. అంతకు మించి ఇందులో ఏమీ లేదు. గెట్ లేదు, పుట్ లేదు, ఫర్‌గెట్ లేదు. అయినా మన లైను పనిచేస్తోంది.

పీహెచ్‌పీలో 5.3 వెర్షన్ నుంచి ఒక వెసులుబాటు ఉంది. క్లాసులో లేని స్టాటిక్ మెథడ్‌ను పిలిస్తే, తప్పు చూపించి ఆగిపోయే ముందు, అక్కడ కాల్‌స్టాటిక్ అనే ప్రత్యేక ఫంక్షను ఉందేమో చూస్తుంది. ఉంటే, మనం పిలిచిన పేరునూ ఇచ్చిన విలువలనూ దానికి అప్పగిస్తుంది. లారావెల్ ఫసాడ్లన్నీ ఏ క్లాసు నుంచి పుట్టాయో, ఆ మూల క్లాసులో ఈ ఫంక్షను కూర్చుని ఉంది.

[తెరపై: ఒక్కో అడుగూ వెలుగుతూ కదిలే బొమ్మ. ఫసాడ్, 'కాష్' అనే పదం, కంటైనర్, కాష్ మేనేజర్]

అది ముందుగా 'కాష్' అనే పదాన్ని తీసుకుంటుంది. ఆ పదం పట్టుకుని సర్వీస్ కంటైనర్ దగ్గరకు వెళ్తుంది. అప్లికేషన్‌కు కావలసిన సర్వీసులన్నీ నమోదై ఉండే చోటు అదే. కంటైనర్ అసలైన కాష్ మేనేజర్ ఆబ్జెక్టును ఇస్తుంది. ఆ ఆబ్జెక్టు మీద గెట్‌ను మామూలు బాణం గుర్తుతోనే పిలుస్తుంది. వచ్చిన జవాబును మనకు అందిస్తుంది. గోడ మీద స్విచ్చు నొక్కితే పైన దీపం వెలుగుతుంది, స్విచ్చులో దీపం ఉండదు కదా. ఫసాడ్ ఆ స్విచ్చు.

డిజైన్ ప్యాటర్న్‌లు, అంటే కోడ్‌ను అమర్చే పేరున్న పద్ధతులు, చదివినవారికి ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. అక్కడ ఫసాడ్ అంటే చాలా క్లాసుల గందరగోళాన్ని ఒక సులువైన ముఖం వెనుక పెట్టడం. లారావెల్ ఫసాడ్ చేసేది ప్రాక్సీ పని, అంటే వచ్చిన పిలుపును వేరొకరికి చేరవేయడం. పేరు వల్ల తికమక పడకండి. టేలర్ ఓట్‌వెల్ 2011లో మొదలుపెట్టిన ఈ ఫ్రేమ్‌వర్క్‌లో, మూడో వెర్షన్ దాకా ఇవి నిజంగానే స్టాటిక్ క్లాసులు. 2013లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో లోపలంతా కంటైనర్ మీద తిరగరాశారు. రాసేవారి అలవాటు మాత్రం చెడకుండా, పిలిచే తీరును అలాగే ఉంచారు. ఇది నాకు ఎంతో నచ్చిన నిర్ణయం.

దాని ఫలితం టెస్టుల దగ్గర తెలుస్తుంది.

[తెరపై: కాష్::షుడ్‌రిసీవ్('గెట్'), కింద మెయిల్::ఫేక్()]

నిజమైన స్టాటిక్ మెథడ్‌ను టెస్టులో మార్చి పెట్టడం చాలా కష్టం. ఫసాడ్ వెనుక ఉన్నది ఆబ్జెక్టు కాబట్టి, దాన్ని తీసి నకిలీది పెట్టవచ్చు. షుడ్‌రిసీవ్ అంటే మాకరీ లైబ్రరీతో ఒక నకిలీ తయారై అసలు దాని స్థానంలో కూర్చుంటుంది. మెయిల్::ఫేక్ అంటే ఒక్క ఉత్తరం కూడా బయటికి వెళ్లదు, కానీ ఏది పంపబోయామో అడిగి తెలుసుకోవచ్చు.

ఇక నా అభ్యంతరం. ఫసాడ్ బదులు కన్‌స్ట్రక్టర్‌లో, అంటే ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడు నడిచే ఫంక్షనులో, అడిగి తీసుకుంటే, ఈ క్లాసుకు ఎవరెవరి సాయం కావాలో మొదటి లైన్లలోనే కనిపిస్తుంది. ఎనిమిది పేర్లు వరుసగా కనబడితే, ఈ క్లాసు నెత్తిన పని ఎక్కువైందని మనకే తెలుస్తుంది. ఫసాడ్లతో ఆ హెచ్చరిక రాదు. అవి కోడ్ మధ్యలో అక్కడక్కడా నక్కి ఉంటాయి. అందుకే వెబ్ రిక్వెస్టులను అందుకునే రూట్లలో, కంట్రోలర్లలో నేను ఫసాడ్లు నిస్సంకోచంగా వాడతాను. డబ్బు లెక్కలు, వ్యాపార నియమాలు ఉండే క్లాసుల్లో వాడను.

ఆ నియమం ఒక దెబ్బ తిన్నాక పెట్టుకున్నది.

[తెరపై: ఒక లూప్. లోపల బిల్లు::చేర్చు, బిల్లు::మొత్తం]

నెలవారీ బిల్లులు తయారుచేసే ఆర్టిసాన్ కమాండ్, అంటే టెర్మినల్ నుంచి నడిపే లారావెల్ ఆదేశం, ఒకటి రాశాను. బిల్లు లెక్కించే క్లాసును కంటైనర్‌లో బైండ్‌తో నమోదు చేశాను. బైండ్ అంటే అడిగిన ప్రతిసారీ కొత్త ఆబ్జెక్టు ఇస్తుంది, సింగిల్టన్ అంటే ఎప్పుడూ ఒకటే. కాబట్టి లూప్‌లో ప్రతి వినియోగదారుడికీ కొత్త బిల్లు వస్తుందని నిశ్చింతగా ఉన్నాను. పిలవడం సులువుగా ఉంటుందని దానికి సొంత ఫసాడ్ కూడా పెట్టాను. మొదటి బిల్లు సరిగ్గా వచ్చింది. రెండో బిల్లులో మొదటివారి వస్తువులు కూడా చేరాయి. మూడో దానిలో ఇద్దరివీ కలిశాయి.

రాత్రి చాలాసేపు నా కూడికలనే అనుమానించాను. తప్పు అక్కడ లేదు. ఫసాడ్ మూల క్లాసులో రిజాల్వ్‌డ్‌ఇన్‌స్టెన్స్ అనే స్టాటిక్ జాబితా ఉంది.

[తెరపై: ఆ జాబితా. 'బిల్లు' అనే పేరు పక్కన ఒకే ఆబ్జెక్టు]

కంటైనర్ మొదటిసారి ఇచ్చిన ఆబ్జెక్టును ఫసాడ్ ఆ జాబితాలో దాచుకుంటుంది. రెండోసారి పిలిచినప్పుడు కంటైనర్‌ను అడగదు, దాచుకున్నదే వాడుతుంది. నేను రాసిన బైండ్ తప్పు కాదు, దాని దాకా రెండో పిలుపు చేరనే లేదు. వెబ్ పేజీలో ఇది బయటపడలేదు. అక్కడ ఒక రిక్వెస్టుకు ఒకే బిల్లు, అది ముగియగానే ఆ జాబితాతో సహా అంతా చెరిగిపోతుంది. నా టెస్టులో కూడా ఒక్క వినియోగదారుడే ఉన్నాడు.

కొత్త వెర్షన్లలో దీనికి దారి ఉంది. మీ ఫసాడ్‌లో కాష్డ్ అనే స్టాటిక్ వేరియబుల్‌కు ఫాల్స్ అని ఇస్తే ఆబ్జెక్టును దాచుకోదు. లారావెల్ తన స్కీమా ఫసాడ్‌కు అలాగే చేసుకుంది. నేను మాత్రం ఆ ఫసాడ్‌నే తీసేశాను. లూప్‌లో ప్రతిసారీ మేక్ అని కంటైనర్‌నే అడుగుతున్నాను. టెస్టులో ఇప్పుడు ముగ్గురు వినియోగదారులు ఉన్నారు.