నడుము నొప్పికి సూదుల వైద్యం: ఉద్యోగుల ఇన్సూరెన్సులో దాని చోటు

సభకు నమస్కారం. అమెరికాలో చిన్న కంపెనీలు నడుపుతున్న మనం ఉద్యోగులకు ఇన్సూరెన్సు ప్లాను ఎంచుకునేటప్పుడు ముందు ప్రీమియం చూస్తాం, తర్వాత డిడక్టిబుల్ (ఇన్సూరెన్సు చెల్లించడం మొదలుపెట్టేలోపు ఉద్యోగి తన జేబులోంచి కట్టవలసిన మొత్తం) చూస్తాం. ఆక్యుపంక్చర్, అంటే ఈ సూదుల వైద్యం, అన్న మాట ఎక్కడో లోపలి పేజీల్లో ఉండిపోతుంది. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ పేజీ గురించే.

ఇది నమ్మకాల వైద్యమని కొట్టిపారేసే రోజులు పోయాయి. మందులకన్నా ముందు ప్రయత్నించదగిన పద్ధతుల్లో, వ్యాయామం, యోగాలతో పాటు దీన్ని కూడా వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో నడుము నొప్పి మార్గదర్శకాల్లో చేర్చింది. 2020 జనవరిలో మెడికేర్ (ముఖ్యంగా 65 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం నడిపే ఇన్సూరెన్సు) కూడా దీనికి డబ్బు చెల్లించడానికి ఒప్పుకుంది. నడుము నొప్పి 12 వారాలు లేదా అంతకన్నా ఎక్కువ కాలంగా ఉన్నవారికి 90 రోజుల్లో 12 సిట్టింగులు, గుణం కనిపిస్తే మరో 8, ఏడాదికి 20కి మించకూడదు, గుణం లేకపోతే ఆపేయాలి అన్నది దాని నియమం. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ చివరి షరతే.

ఎందుకంటే ఆధారాల సంగతి అంత సూటిగా లేదు. జర్మనీలో 1,162 మందిపై జరిపి 2007లో ప్రకటించిన పరీక్షలో, ఆరు నెలల తర్వాత మామూలు చికిత్స తీసుకున్నవారిలో 27.4 శాతం మందికి, శాస్త్రోక్తంగా సూదులు గుచ్చినవారిలో 47.6 శాతం మందికి మేలు జరిగింది. కానీ సూదులు గుచ్చాలని సంప్రదాయం చెప్పే అసలు బిందువులు వదిలేసి పైపైన గుచ్చినవారిలోనూ 44.2 శాతం మందికి మేలు జరిగింది! ఎక్కడ గుచ్చారన్నదానికి సంప్రదాయం ఇచ్చినంత ప్రాధాన్యం ఉన్నట్లు లేదు. అలాగని వారికి కలిగిన ఉపశమనం అబద్ధమనలేం.

మా ఆఫీసులో ఒకాయన మీటింగు పొడవునా కుర్చీ వీపు పట్టుకుని నిలబడే ఉండేవారు. ప్లానులో ఆక్యుపంక్చర్ ఉందని నేనే ఆయనకు గొప్పగా చెప్పాను. తీరా చూస్తే నెట్‌వర్క్‌లో ఉన్న, అంటే ఇన్సూరెన్సు కంపెనీతో ఒప్పందం ఉన్న, క్లినిక్కు గంట దూరంలో ఉంది, సాయంత్రం ఐదింటికే మూసేస్తారు. పైగా డిడక్టిబుల్ నిండలేదు కనుక ప్రతి సిట్టింగుకూ పూర్తి ఫీజు ఆయనే కట్టారు. మూడోసారి తర్వాత వెళ్లడం మానేశారు. కాగితం మీద సౌకర్యం ఉంది, ఆయనకు మాత్రం అందలేదు.

కనుక బ్రోకరును అడగవలసింది ఆక్యుపంక్చర్ ఉందా లేదా అని కాదు. ఏ ఏ నొప్పులకు, ఎన్ని సిట్టింగులు, కోపే (ప్రతిసారీ ఉద్యోగి కట్టే వాటా) ఎంత, మన ఉద్యోగులు ఉండే ఊళ్లలో లైసెన్సున్నవారు ఎందరు అని అడగాలి. ప్లానులో లేకపోయినా దారి పూర్తిగా మూసుకుపోదు. పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఆక్యుపంక్చర్‌ను వైద్య ఖర్చుగానే లెక్కిస్తుంది కాబట్టి, వైద్య ఖర్చులకని పన్ను పడకుండా దాచుకునే ఎఫ్‌ఎస్‌ఏ, హెచ్‌ఎస్‌ఏ ఖాతాల సొమ్ముతో ఆ ఫీజు కట్టవచ్చు. ఎఫ్‌ఎస్‌ఏలో ఎంత వేసుకోవాలో ఉద్యోగులు ఏటా ప్లాను ఎంచుకునే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లోనే తేల్చుకోవాలి గనుక, ఈ ముక్క వారికి అప్పటికే చేరేలా చూడండి.